రెండో ఆల్బమ్ స్ట్రీమింగ్‌లో పెట్టాలా వద్దా? లేబుల్ లేనివాళ్లు నిలబడే దారి ఏది?

తంబుర
అందరికీ నమస్తే. మా బృందంలో నలుగురం. పాటలు మేమే రాసుకుంటాం, బాణీలు మేమే కట్టుకుంటాం, రికార్డింగ్ ఇంట్లోనే. లేబుల్, అంటే రికార్డు కంపెనీ, ఏదీ లేదు. రెండో ఆల్బమ్ మాస్టరింగ్ దాకా, అంటే చివరి మెరుగుల దాకా, వచ్చింది. ఇప్పుడు మాలో మాకే వాదన. అన్ని యాప్‌లలో మొదటి రోజే పెట్టేయాలి, లేకపోతే మనమున్నామని ఎవరికి తెలుస్తుంది అని ఇద్దరంటున్నారు. మిగతా ఇద్దరిలో నేనొకదాన్ని.

మొదటి ఆల్బమ్ అలాగే పెట్టాం. విన్నవాళ్లు ఉన్నారు, అంకెలు కనిపిస్తున్నాయి. కానీ వాళ్లెవరో మాకు తెలియదు. ఫలానా రోజు కొత్త ఆల్బమ్ వస్తోందని వాళ్లకు కబురు పెట్టే మార్గమే లేదు. వచ్చిన డబ్బు మిక్సింగ్ ఖర్చులో ఒక మూలకి కూడా రాలేదు. పాట చేయడం సులువైంది, లోకానికి పంపడం సులువైంది. మరి దాని మీద నిలబడటం ఇంత కష్టంగా ఎందుకుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు
తంబుర గారూ, ముందు డబ్బు ఎలా పంచుతారో చూద్దాం. ఒక్కో ప్లేకి ఇంత అని రేటు ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలాంటి స్థిరమైన రేటు లేదు. చందాల మీద, ప్రకటనల మీద వచ్చిన ఆదాయంలో సుమారు మూడోవంతు కంపెనీ ఉంచుకుంటుంది. మిగతాదంతా హక్కుదారులందరి కోసం ఒకే నిధిలో వేస్తారు. ఆ నెల మొత్తం ప్లేలలో మీ పాటల వాటా ఎంతో, నిధిలో మీ వాటా అంత.

ఇందులో చిక్కు ఎక్కడుందో చిన్న లెక్కతో చూపిస్తాను. ఒక యాప్‌కి ఇద్దరే చందాదారులు అనుకోండి. ఇద్దరూ ఒకే చందా కట్టారు. ఒకావిడ నెలంతా మీ పాటలే 100 సార్లు వింది. ఇంకొకాయన ఒక పెద్ద స్టార్ పాటలు 900 సార్లు పెట్టుకున్నాడు. ఆవిడ ఆ నెల విన్నది మిమ్మల్ని మాత్రమే. అయినా నిధిలో మీకొచ్చేది పదోవంతే. ఆవిడ కట్టిన చందాలో కూడా ఎక్కువ భాగం ఆవిడ ఒక్కసారీ వినని స్టార్‌కి పోతుంది.

ఎవరి చందా వాళ్లు విన్నవాళ్లకే చేరాలనే పద్ధతి కూడా ఉంది. సౌండ్‌క్లౌడ్ 2021లో సొంతంగా పాటలు పెట్టే కళాకారుల కోసం దాన్ని మొదలుపెట్టింది. పెద్ద స్ట్రీమింగ్ కంపెనీలు ఆ దారిలోకి రాలేదు. పైగా స్పాటిఫైలో 2024 నుంచి, గత 12 నెలల్లో కనీసం 1000 ప్లేలు రాని పాటకు రికార్డింగ్ రాయల్టీ అసలే రాదు. ఆ డబ్బు తిరిగి నిధిలోకే వెళ్లి, గీత దాటిన పాటలకు చేరుతుంది.

తీగ
మాస్టారూ, ఆ చివరి మాట చదువుతుంటేనే ఒళ్లు మండుతోంది. ఒక్కో పాటకు పోయేది చిల్లరే అంటారు, నిజమే. కానీ ఆ చిల్లర కోట్ల పాటల నుంచి పోగవుతుంది. ఎవరి దగ్గర తీసి ఎవరికి ఇస్తున్నారు? కొత్తగా మొదలుపెట్టినవాడి దగ్గర తీసి, ముందే నిలదొక్కుకున్నవాడికి ఇస్తున్నారు. దీన్ని సంస్కరణ అని పిలవడం నేను ఒప్పుకోను.

మిక్స్‌బోర్డు
ఆవేశం అర్థమైంది కానీ, పాతరోజులు ఏదో బంగారుకాలం అన్నట్టు మాట్లాడొద్దు. నేను చాలాకాలంగా సౌండ్ ఇంజనీర్‌ని. లేబుల్ అడ్వాన్స్ ఇచ్చేది. స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చు, టూర్ ఖర్చు అన్నీ ఆ బృందం రాయల్టీలోంచే మినహాయించుకునేది. ఆల్బమ్ బాగా అమ్ముడైనా లెక్కలో బృందమే లేబుల్‌కి బాకీ ఉండేది. అమెరికన్ సౌండ్ ఇంజనీర్ స్టీవ్ అల్బినీ 1993లోనే ఈ లెక్కంతా అంకెలతో సహా రాసి బయటపెట్టాడు. ఆయన తను రికార్డ్ చేసిన బృందాల నుంచి రాయల్టీ తీసుకునేవాడు కాదు, పనికి ఒకసారి ఫీజు తీసుకుని ఊరుకునేవాడు. నిర్వాణా లాంటి పెద్ద బృందం దగ్గర కూడా అంతే.

అప్పట్లో పాట బయటికి రావాలంటే గేటు దగ్గర ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు. తంబుర గారు ఇంట్లో రికార్డ్ చేసి ప్రపంచం మొత్తానికి ఒకేరోజు పంపగలుగుతున్నారు. దీన్ని తక్కువ చేయొద్దు. యాప్‌లలో పెట్టకపోతే వెతికినవాడికి కూడా దొరకరు.

పాత రేడియో
ఇది కొత్త గొడవేం కాదమ్మా. 1993లోనే కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్‌లో చదువుకునే కుర్రాళ్లు, లేబుల్ లేని బృందాల పాటల కోసం ఇంటర్నెట్ అండర్‌గ్రౌండ్ మ్యూజిక్ ఆర్కైవ్ మొదలుపెట్టారు. అప్పటికి జనం పాటల ఫైళ్లు ఉచితంగా పంచుకున్న నాప్‌స్టర్ లేదు, అది వచ్చింది 1999లో. ఇంటర్నెట్‌లో సంగీతం చరిత్ర చెప్పేటప్పుడు అందరూ నాప్‌స్టర్‌తో, దొంగ డౌన్‌లోడ్‌లతో మొదలుపెడతారు. నాకది బాధగా ఉంటుంది. అంతకు ముందే సొంత పాటలు సొంతంగా పంచుకోవడానికి ఈ దారి వేసినవాళ్లు ఉన్నారు.

1990ల చివర్లో ఎంపీ3.కామ్ అదే పని పెద్ద ఎత్తున చేసింది. 2003లో చేతులు మారింది, కళాకారులు ఎక్కించిన పాటలన్నీ తీసేశారు. తర్వాత మైస్పేస్ అనే సోషల్ మీడియా సైట్. ఒక తరం మొత్తం తమ పాటలు అక్కడే దాచుకుంది. సర్వర్లు మార్చేటప్పుడు 2015కి ముందు ఎక్కించినవన్నీ పోయాయని 2019లో తేలింది. 5 కోట్లకు పైగా పాటలని అప్పుడు వార్తలొచ్చాయి. ఎవరో ముందే తీసిపెట్టిన ఒక ప్రతి, పాత వెబ్ సమాచారం భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థకి చేరడంతో 4,90,000 పాటలు మాత్రం దక్కాయి. మిగతావాటిలో చాలావాటికి ఇంకో కాపీ ఉండి ఉండదు. ఆ బృందాలు విడిపోయి ఉంటాయి, హార్డ్‌డిస్కులు పాడైపోయి ఉంటాయి.

అందుకే చెబుతున్నాను. ఎక్కడ పెట్టినా పెట్టండి, కానీ అసలు వేవ్ ఫైళ్లు, విడివిడి ట్రాకులు, సాహిత్యం, ఎవరు ఏం వాయించారో రాసిన కాగితం, ఇవన్నీ కనీసం రెండు చోట్ల మీ దగ్గర ఉండాలి.

స్వరపేటిక
మిక్స్‌బోర్డు గారూ, గేటు పోయిందన్నారు. పోలేదండీ, చోటు మారింది. ఇదివరకు గేటు పాట బయటికి రాకముందు ఉండేది. ఇప్పుడు వచ్చాక ఉంది. ప్లేలిస్ట్‌లో ఎవరి పాట పడాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? అసలు మాట్లాడటానికి అక్కడ మనిషి ఉన్నాడా? స్పాటిఫై 2020లో డిస్కవరీ మోడ్ అని తెచ్చింది. దాని ద్వారా వచ్చే ప్లేల మీద తక్కువ రాయల్టీకి ఒప్పుకుంటే, అల్గారిదమ్ మన పాటను ఎక్కువమందికి వినిపించే అవకాశం పెంచుతుంది. మనకొచ్చే కొంచెంలోంచే కొంత వదులుకుని వినబడే అవకాశం కొనుక్కోవడం అన్నమాట.

ఇంకో సంగతి. 30 సెకన్లు వింటే ఒక ప్లే. 12 నిమిషాల వాద్యరచన మొత్తం కూర్చుని విన్నా ఒకటే ప్లే, 40 సెకన్ల ముక్క విన్నా ఒకటే ప్లే. నేను నెమ్మదిగా విచ్చుకునే పాటలు పాడతాను. పల్లవి రావడానికి ముందు నిమిషంన్నర హమ్మింగ్ ఉంటుంది. అది కోసేయమని ఎంతమంది చెప్పారో. పాట ఎలా ఉండాలో పంపిణీ పద్ధతి చెప్పడం మొదలుపెడితే స్వతంత్రం అనే మాటకి అర్థం ఏముంది? నేను కోయలేదు, కోయను.

మిక్స్‌బోర్డు
స్వరపేటిక గారూ, ఆ హమ్మింగ్ కోయొద్దు. అందులో మీతో నాకు పేచీ లేదు. కానీ మూడు నిమిషాల పాట అనేది కూడా 78 ఆర్‌పీఎం రికార్డు ఒక్కో వైపు పట్టే నిడివి వల్ల వచ్చిందే. పాట ఆకారం మీద పంపిణీ ప్రభావం ఎప్పుడూ ఉంది. ఆ హద్దుల్లోనే గొప్ప పాటలు వచ్చాయి.

లెక్కల మాస్టారు
ఆ నిధి లెక్కలో ఉన్న లోపాన్ని కళ్లకు కట్టినట్టు చూపించిన బృందం ఒకటుంది. వుల్ఫ్‌పెక్. 2014లో వాళ్లు శబ్దమే లేని ఆల్బమ్ ఒకటి స్పాటిఫైలో పెట్టారు. పది ట్రాకులు, ఒక్కోటీ 30 సెకన్లు దాటేలా. రాత్రి పడుకునేటప్పుడు దీన్ని రిపీట్‌లో పెట్టండి, వచ్చిన డబ్బుతో ఉచితంగా షోలు చేస్తాం అని అభిమానులను అడిగారు. కంపెనీ దాన్ని తీసేసేలోపు సుమారు 20,000 డాలర్లు వచ్చాయి. అన్నమాట ప్రకారం టికెట్ లేకుండా టూర్ చేశారు. అభిమాని ఎంత ప్రేమించినా, ఎక్కువ గంటలు ప్లే అయితేనే ఆ ప్రేమకు విలువ. ఇదే పద్ధతిని మోసగాళ్లు వాడుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి.

కోడ్‌కవి
ఊహించుకోవాల్సిన పని లేదు, జరుగుతూనే ఉంది. ఏఐతో లక్షల పాటలు పుట్టించి, మనుషుల్లా నటించే బాట్ ప్రోగ్రామ్‌లతో ప్లే చేయించి, కోటి డాలర్లకు పైగా రాయల్టీలు కాజేశాడని 2024 సెప్టెంబరులో అమెరికాలో ఒక వ్యక్తి మీద కేసు పెట్టారు. నిధి ఒక్కటే కాబట్టి ఆ డబ్బు కంపెనీ జేబులోంచి పోలేదు. నిజంగా పాడినవాళ్ల, వాయించినవాళ్ల వాటాల్లోంచి పోయింది.

2025 ఏప్రిల్‌లో డీజర్ అనే స్ట్రీమింగ్ కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం తమకు రోజూ చేరే కొత్త ట్రాకుల్లో 18 శాతం, అంటే 20,000కు పైగా, పూర్తిగా ఏఐ తయారుచేసినవే. అదే ఏడాది వెల్వెట్ సన్‌డౌన్ అనే 'బృందం' స్పాటిఫైలో నెలకు 10 లక్షలకు పైగా శ్రోతలను సంపాదించింది. ఆ పాటలు ఏఐతో చేసినవని తర్వాత తెలిసింది. నేను సాఫ్ట్‌వేర్ పనిలోనే ఉన్నాను, ఏఐ మీద ద్వేషం లేదు. కానీ మనిషి చేసిన పాటకీ యంత్రం చేసినదానికీ తేడా తెలిసేలా పేరు పక్కన రాయాలి. వినేవాళ్లకి ఆ మాత్రం తెలుసుకునే హక్కు ఉంది.

తీగ
దొంగ ప్లేల మాట వచ్చింది కాబట్టి నా గోడు చెప్పుకుంటాను. మా పాట ఒకటి ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు తమ ప్లేలిస్ట్‌లో పెట్టుకున్నారు. మేం అడగలేదు, డబ్బూ ఇవ్వలేదు. అది బాట్‌లతో నడిచే ప్లేలిస్ట్ అట. కొన్నాళ్లకి, పాటల్ని యాప్‌లకు చేర్చే మా డిస్ట్రిబ్యూటర్ నుంచి ఈమెయిల్ వచ్చింది, మీ పాటకు కృత్రిమ ప్లేలు వచ్చాయి, తీసేస్తున్నాం అని. మేమేం చేయలేదని రాస్తే జవాబుగా మళ్లీ అదే ముక్క వచ్చింది. మనిషితో మాట్లాడే దారే లేదు. పాటతోపాటు దానికి అప్పటిదాకా వచ్చిన నిజమైన ప్లేలు కూడా పోయాయి. స్పాటిఫై 2024 నుంచి ఇలాంటి పాటలకు డిస్ట్రిబ్యూటర్ మీద జరిమానా వేస్తోంది. ఆ భయంతో వాళ్లు ముందు పాట తీసేసి తర్వాత ఆలోచిస్తున్నారు. పెద్ద లేబుల్ అయితే ఒక ఫోన్‌తో అయిపోయేది. మనం ఎవరికి ఫోన్ చేయాలి?

మిక్స్‌బోర్డు
తీగ, అది ఘోరం. దానికి సమర్థన లేదు. తెలియని ప్లేలిస్ట్‌లో హఠాత్తుగా ప్లేలు పెరిగితే ఆరోజే స్క్రీన్‌షాట్ తీసి మీరే ముందు డిస్ట్రిబ్యూటర్‌కి రాయండి. వాళ్లు అడిగేదాకా ఆగితే మన మాట ఎవరూ నమ్మరు. డబ్బుకి ఇన్ని ప్లేలు గ్యారంటీ అని ఎవరైనా మెసేజ్ పెడితే, ఎంత టెంప్ట్ అయినా దూరంగా ఉండండి. గ్యారంటీ ఇచ్చేవన్నీ బాట్‌లే.

వినే చెవి
నేను సంగీతం చేసేవాణ్ణి కాదు, వినేవాణ్ణి. ఇదంతా చదువుతుంటే మనసు బరువెక్కింది. ఒక్కటి చెప్పాలి. నాకు బాగా నచ్చిన గాయని ఒకావిడ ఉన్నారు. ఆవిడకి నేరుగా డబ్బు ఇద్దామని వెతికాను. యాప్‌లో ఆవిడ పేజీలో లింకు లేదు. సోషల్ మీడియా పేజీలో మళ్లీ యాప్ లింకే ఉంది. సొంత వెబ్‌సైట్ లేదు, ఈమెయిల్ లేదు. ఇవ్వాలనుకున్నవాడికి కూడా తలుపు కనిపించకపోతే ఎలా? మీరంతా శ్రోతలు డబ్బు పెట్టరు అంటారు. అడగండి. సూటిగా అడగండి. మేం ఏమీ అనుకోం.

స్వరపేటిక
ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. చాలా థాంక్స్ అండీ. అడగడం మాకు నిజంగా కష్టం. కళకు డబ్బు అడిగితే చులకనైపోతామని చిన్నప్పటి నుంచి మనసులో నాటుకుపోయింది.

తంబుర గారూ, నేను చేస్తున్నది చెబుతాను. పాటలు బ్యాండ్‌క్యాంప్ అనే సైట్‌లో అమ్ముతున్నాను. డిజిటల్ అమ్మకం మీద వాళ్లు 15 శాతం తీసుకుంటారు, టీషర్టులు, సీడీల లాంటి వాటి మీద 10 శాతం. పేమెంట్ ఖర్చులు పోను మిగతాది మనది. ధర మనమే పెట్టొచ్చు, అంతకంటే ఎక్కువ ఇస్తామన్నవాళ్లకి ఆ వీలూ ఇవ్వొచ్చు. చాలామంది ఎక్కువే ఇస్తారు, అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అన్నిటికన్నా ముఖ్యం, కొన్నవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల ఈమెయిల్ మనకు వస్తుంది. 2020 మార్చిలో కచేరీలన్నీ ఆగిపోయినప్పుడు, కొన్ని శుక్రవారాలు తమ వాటా వదులుకుని మొత్తం కళాకారులకే ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది అదే.

పాత రేడియో
మంచిదే. కానీ అక్కడ కూడా కళ్లు తెరుచుకునే ఉండాలి. బ్యాండ్‌క్యాంప్ 2022లో ఎపిక్ గేమ్స్ అనే వీడియోగేమ్ కంపెనీ చేతికి వెళ్లింది, 2023లో సాంగ్‌ట్రేడర్ అనే ఇంకో కంపెనీ చేతికి. ఆ మార్పులో సగం మంది ఉద్యోగాలు పోయాయి. ఏ వేదికైనా అద్దె ఇల్లే, యజమాని మారితే మన మాట ఎవరూ అడగరు. అందుకే వచ్చిన ఈమెయిళ్ల జాబితా ఎప్పటికప్పుడు దించి మీ దగ్గర పెట్టుకోండి. వేదిక మూతపడినా ఆ జాబితా ఉంటే మళ్లీ మొదలుపెట్టొచ్చు.

అమెరికాలోని ఫుగాజీ అనే రాక్ బృందం సంగతి చూడండి. వాళ్ల సొంత లేబుల్ డిస్కార్డ్ రికార్డ్స్ 1980 నుంచి నడుస్తోంది, బృందంలోని ఇయాన్ మకాయ్ దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. 2011లో వాళ్లు తమ పాత కచేరీల రికార్డింగ్‌లు వందల సంఖ్యలో సొంత సైట్‌లోనే పెట్టారు. ఒక్కోటి 5 డాలర్లు అని సూచించి, కొనేవాళ్లు తమకు తోచినంత ఇచ్చే వీలు కూడా పెట్టారు. అవన్నీ పోగొట్టుకోకుండా ఏళ్లతరబడి టేపులు దాచుకున్నారు కాబట్టి అది కుదిరింది.

కోడ్‌కవి
రేడియోహెడ్ బృందం కూడా 2007లో మీకు తోచినంత ఇవ్వండి అని ఆల్బమ్ అమ్మింది కదా అని ఎవరో ఒకరు అంటారు, ముందే చెబుతున్నాను. అప్పటికే పెద్ద లేబుల్ కింద ఏళ్లతరబడి పేరు సంపాదించాక చేసిన పని అది. కొత్తవాళ్లకి అది నమూనా కాదు.

మనకు దగ్గరి ఉదాహరణ చెల్లో వాద్యకారిణి జోయీ కీటింగ్. లేబుల్ లేకుండా సొంతంగా ఆల్బమ్‌లు తెచ్చుకునే మనిషి. తన ఆదాయ లెక్కలు దాచకుండా బయటపెట్టారు. 2013 లెక్కల్లో రికార్డింగ్‌ల మీద వచ్చినదాంట్లో స్ట్రీమింగ్ వాటా పదోవంతు కూడా లేదు. మిగతాదంతా పాటలు కొన్నవాళ్ల నుంచే. తర్వాత డౌన్‌లోడ్‌లు బాగా పడిపోయాయి, నిజమే. కానీ అంకెలు బయటపెట్టడం అనే పని మనందరం చేయాలి. ఎవరికి ఎంత వస్తోందో ఒకరికొకరం చెప్పుకోకపోతే, నా పాటే బాగాలేదేమో అని ఎవరికి వాళ్లం కుమిలిపోతాం.

లెక్కల మాస్టారు
కోడ్‌కవి చివరి వాక్యం నూటికి నూరుపాళ్లు నిజం.

అడగకపోయినా ఒకటి చెబుతాను తంబుర గారూ. మీరు నలుగురు. విడుదలకు ముందే ఏ పాటలో ఎవరి వాటా ఎంతో ఒక కాగితం మీద రాసి నలుగురూ సంతకం చేయండి. రికార్డింగ్ హక్కు వేరు, బాణీ, సాహిత్యం హక్కు వేరు. రెండూ విడిగా రాయండి. బాణీ, సాహిత్యం మీద వచ్చే రాయల్టీని డిస్ట్రిబ్యూటర్ మామూలుగా వసూలు చేయడు. దానికి రచయితలు, స్వరకర్తల రాయల్టీ సొసైటీలో నమోదు కావాలి. ఇది తెలియక ఎంతోమంది సొంత పాటల మీద రావాల్సిన డబ్బు తీసుకోవడమే లేదు. స్నేహంగా ఉన్నప్పుడే రాసుకోవడం సులువు.

తంబుర
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న నలుగురం కూర్చుని ఈ చర్చ మొత్తం చదువుకున్నాం. వాటాల కాగితం అప్పుడే రాసేశాం మాస్టారూ. ఇన్నాళ్లూ మా మధ్య ఆ మాటే రాలేదు.

మేం అనుకున్నది ఇదీ. రెండు పాటలు అన్ని యాప్‌లలో పెడతాం. ఆల్బమ్ మొత్తం మొదట నేరుగా అమ్ముతాం, కొన్నవాళ్లకు సాహిత్యం, ఎవరేం వాయించారో వివరాలు కూడా ఇస్తాం. కొన్ని నెలలయ్యాక మిగతా పాటలు కూడా స్ట్రీమింగ్‌కి వెళ్తాయి. వినే చెవి గారి మాట గుర్తుపెట్టుకుని, ప్రతి పేజీలో మొదటి లింకు మా సొంత సైట్‌దే ఉంటుంది. పల్లవికి ముందున్న వీణ బిట్ ఎక్కడా కోయడం లేదు, స్వరపేటిక గారూ.

ఒక సందేహం మిగిలింది. మొదటి ఆల్బమ్‌కి వాడిన డిస్ట్రిబ్యూటర్‌ని మారుద్దామనుకుంటున్నాం. మారిస్తే ఇప్పటిదాకా వచ్చిన ప్లేలన్నీ సున్నా అయిపోతాయా?

మిక్స్‌బోర్డు
రెండు పాటలతో ఆపడం నాకు ఇప్పటికీ తక్కువే అనిపిస్తోంది, మూడోది ఒకటి మధ్యలో వదలండి. మీ ఇష్టం.

మార్పు గురించి. ప్రతి రికార్డింగ్‌కి దాన్ని గుర్తుపట్టే ఐఎస్‌ఆర్‌సీ అనే కోడ్ ఉంటుంది, అక్షరాలు, అంకెలు కలిపి 12. పాత డిస్ట్రిబ్యూటర్ డాష్‌బోర్డులో దొరుకుతుంది, అన్నీ రాసిపెట్టుకోండి. కొత్తచోట ఎక్కించేటప్పుడు కొత్త కోడ్ ఇవ్వనివ్వకండి, పాతదే ఇవ్వండి. ఆడియో ఫైల్ కూడా అదే ఉండాలి, మళ్లీ మాస్టరింగ్ చేసింది పెట్టొద్దు. పాట పేరు, కళాకారుల పేర్లు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ముందు కొత్తచోట పాటలు లైవ్ అయ్యాయని చూసుకోండి, ప్లేలు కలిశాక పాతచోట తీయించండి. ముందే తీసేస్తే జనం ప్లేలిస్ట్‌లలోంచి మీ పాటలు ఊడిపోతాయి.

తీగ
పాతచోట రావాల్సిన రాయల్టీ మొత్తం చేతికొచ్చేదాకా ఖాతా మాత్రం మూసేయకండి. రిపోర్టులు రెండు మూడు నెలలు ఆలస్యంగా వస్తాయి.